ఉజుమాకి: పళ్ళ ల్యాబులో కుదురుకున్న చెయ్యి గీసిన భయం

ముందే చెప్పేస్తా, భయం కథలు ఇష్టపడేవాళ్ళు, బొమ్మలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఈ పుస్తకం కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. జుంజి ఇటో రాసి, గీసిన 'ఉజుమాకి', మూడు భాగాలూ కలిపి గట్టి అట్టతో విజ్ మీడియా వాళ్ళు 2013లో వేసిన ఇంగ్లీషు ఎడిషన్ ఇది. దగ్గరదగ్గర 650 పేజీలు. జపనీస్ నుంచి యుజి ఒనికి చేసిన అనువాదం చాలా తేలికైన ఇంగ్లీషులో ఉంది, ఇంటర్ చదివే పిల్లలు కూడా డిక్షనరీ అవసరం లేకుండా చదివేయగలరు. కానీ ఇది పిల్లల పుస్తకం మాత్రం కాదు, ఆ సంగతి తర్వాత చెప్తా.

నేను కర్నూల్లో డెంటల్ ల్యాబులో పని చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి క్యాపులు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్ళు తయారు చేసే పని. జుంజి ఇటో కూడా కామిక్స్‌లోకి రాకముందు ఇదే పని చేసేవాడని తెలిసినప్పటి నుంచి ఆయన బొమ్మల్ని దగ్గరగా చూడాలనిపించింది, అందుకే ఈ రివ్యూలో కథ కన్నా చేతిపని గురించే ఎక్కువ ఉంటుంది. కథ గురించి నెట్లో రాసినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. ఆ చెయ్యి ఎక్కడ కుదురుకుందో పెద్దగా ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు.

కథ టూకీగా. సముద్రం ఒడ్డున కురోజు అని ఒక చిన్న ఊరు. కిరియే అనే హైస్కూలు అమ్మాయి, ఆమె స్నేహితుడు షుయిచి. ఆ ఊరికి పట్టిన పీడ దయ్యమూ కాదు, హంతకుడూ కాదు, ఒక ఆకారం. చుట్ట తిరిగే ఆకారం, అంతే. నత్తగుల్ల, పొగ, జుట్టు, నీళ్ళలో సుడి, కుమ్మరి చేతిలో తిరిగే మట్టి, ఇలా ఎక్కడ చూసినా అదే. షుయిచి నాన్న దానికి బానిసవుతాడు, అమ్మ దానికి భయపడి పిచ్చిదవుతుంది, తర్వాత మెల్లగా ఊరంతా అందులోకి జారుతుంది. మొదటి పేజీల్లోనే ఊరి మీద చిన్న చిన్న సుడిగాలులు లేస్తాయి. మన సీమలో పెరిగినవాళ్ళకి అది చాలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నల్లరేగడి చేలల్లో దుమ్ము గిర్రున తిరుగుతూ లేస్తే, దాంట్లోకి పోవద్దురా, దయ్యం తిరుగుతాంది అని అవ్వలు కేకలేసి పిలిచిన పిల్లలమే మనమంతా. తల మీద రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని నవ్వుకోవడమూ మామూలే. తుంగభద్రలో ఈతకు దిగిన ప్రతివాడికీ ఫలానా చోట సుడి ఉంది, అటు పోకు అని పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. అందుకని జపాన్ ఊరి కథ అయినా ఈ భయం మనకేం పరాయిది కాదు, లోపల ఎక్కడో ఉన్నదాన్నే ఈయన తట్టి లేపుతాడు.

ఇప్పుడు మనిషి గురించి. ఇటో 1963లో గిఫు అనే ప్రాంతంలో, కొండల మధ్య ఊళ్ళో పుట్టాడు. అక్కలు తెచ్చుకునే పత్రికల్లో కజువో ఉమెజు, షినిచి కోగా గీసిన భయం కామిక్స్ ఉండేవట, చాలా చిన్న వయసు నుంచే అవి చూస్తూ పెరిగాడు. పెద్దయ్యాక డెంటల్ టెక్నీషియన్ చదువు చదివి ఉద్యోగంలో చేరాడు. పగలంతా ల్యాబు పని, మిగిలిన టైములో బొమ్మలు. అలా గీసిన 'తోమియే' అనే కథని 'మంత్లీ హాలోవీన్' అనే పత్రికకి పంపాడు. ఆ పత్రిక పెట్టిన పోటీ చిన్నప్పటి నుంచి ఈయన ఆరాధించిన ఆ ఉమెజు పేరు మీదే, న్యాయనిర్ణేతల్లో ఉమెజు కూడా ఉన్నాడు. 1987లో ఆ కథకి ప్రోత్సాహక గుర్తింపు వచ్చింది, మొదటి బహుమతి కాదు. అయినా పత్రికలో అచ్చయింది, పాఠకులు ఇంకా కావాలన్నారు, తోమియే కథలు ఏళ్ళ తరబడి సాగాయి. 1990 ప్రాంతంలో ఉద్యోగం వదిలేసి పూర్తిగా కామిక్స్‌కి వచ్చేశాడు.

ఈ వరస నాకు బాగా నచ్చింది. నెల జీతం వచ్చే పని చేసుకుంటూనే ఒక్క కథ గీసి పోటీకి పంపి, అది నిలబడ్డాక కూడా కొంతకాలం ఆగి, అప్పుడు మానేశాడు. సినిమాల్లో చూపించినట్టు ఒక్కరోజులో రాజీనామా కాగితం విసిరేసి రాలేదు. మన దగ్గర బొమ్మలు బాగా గీసే పిల్లలకి, ఇంట్లో వాళ్ళు ముందు ఏదో ఒక పని నేర్చుకోరా నాయనా అంటే ముఖం మాడ్చుకునే వాళ్ళకి, ఈ కథ వివరంగా చెప్పాలి. ఆ పని చేతికి నేర్పేది వృథా పోదు.

ఏం నేర్పుతుందో మా ల్యాబు వైపు నుంచి చెప్తా. దవడ పన్ను మీద ఎత్తుపల్లాలుంటాయి కదా, వాటి మధ్య సన్నటి గాడులు. క్యాపు చేసేటప్పుడు వాటిని మైనంతో చెక్కుతాం, చిన్న పరికరం పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టుకుని. పన్నుకీ క్యాపుకీ మధ్య అంచు కలిసే చోట వెంట్రుకంత తేడా వచ్చినా అక్కడ తిండి ఇరుక్కుని లోపల పుచ్చుతుంది. పైన కొంచెం ఎత్తు ఎక్కువైతే మనిషి నోరు మూసిన ప్రతిసారీ అదే తగులుతుంది, పైకి కనిపించదు, చూసేవాళ్ళకి అంతా బాగానే ఉంటుంది, కానీ ఆ మనిషికి నిద్ర పట్టదు. నోటి నిండా పళ్ళు సరిగ్గా ఉండి ఒక్కటి మాత్రం ఇసుమంత తేడాగా ఉంటే మనసు రోజంతా దాని చుట్టే తిరుగుతుంది.

ఇటో బొమ్మల్లో భయమంతా ఇదే లెక్క అని నాకనిపిస్తుంది. ఈ మాట ఆయన ఎక్కడో అన్నాడని కాదు, పని తెలిసిన కంటితో చూస్తే నాకు కనబడింది చెప్తున్నా. ఆయన గీసిన ఇళ్ళు చూడండి, పెంకులు, కిటికీ చట్రాలు, కరెంటు తీగలు, స్కూలు యూనిఫాం మడతలు, అన్నీ కొలిచి గీసినట్టుంటాయి. మనుషుల ముఖాలు శుభ్రంగా, నునుపుగా, అందంగా ఉంటాయి. ఎక్కడా కార్టూను పిచ్చి గీతలు లేవు. అంతా సరిగ్గా ఉంది అని మన కన్ను నమ్మేశాక, ఒక్కచోట మాత్రం తప్పిస్తాడు. ఒక కన్ను, ఒక జడ, వీపు మీద ఒక బొడిపె. అక్కడి నుంచి గీతలు చిక్కబడుతూ పోతాయి. పెన్నుతో ఒకదాని పక్కన ఒకటి సన్నగా గీసుకుంటూ పోయి నీడలు తెప్పించడం ఆయన పద్ధతి, చర్మం మీద ఆ గీతలు దట్టంగా పడ్డాయంటే ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే. మామూలు భయం కామిక్స్‌లో రాక్షసుడు మొదటి నుంచీ రాక్షసుడిలాగే ఉంటాడు, అందుకే రెండు పేజీల తర్వాత భయం పోతుంది. ఇక్కడ నత్తగా మారే కుర్రాడు మొదట వాన పడిన రోజే బడికి వస్తాడు, ఒళ్ళంతా తడి, నడక నిదానం, అంతే. ఇంకేం ఉండదు. మీరు నవ్వుకుంటూ పేజీ తిప్పుతారు. తర్వాత నవ్వరు.

ల్యాబులో ఈ పుస్తకం పెట్టినప్పుడు మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు తిరగేసి, "అన్నా, ఈయన ఎముక ఎక్కడుందో చూసుకుని పైన చర్మం గీసినాడు చూడు" అన్నాడు. సరిగ్గా అదే. ఒంటిని ఎంత వంచినా, ఎంత చుట్టినా, లోపల ఎముక ఎలా విరుగుతుందో, కండ ఎటు లాగుతుందో తెలిసి గీసినట్టుంటుంది. అందుకే నమ్ముతాం.

రెండో అధ్యాయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కథ ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. షుయిచి వాళ్ళమ్మకి చుట్ట ఆకారం అంటే చచ్చేంత భయం పట్టుకుంటుంది. ఆసుపత్రిలో ఉంటుంది. జుట్టు మొత్తం తీయించేసుకుంటుంది. వేలిముద్రల్లో కూడా చుట్లున్నాయి కదా, వాటినీ ఉంచుకోదు, ఎలా తీసేసిందో నేను రాయను. ఇక ఒంట్లో ఎక్కడా చుట్ట లేదు, బతికాను అనుకుంటుంది. కానీ మనిషి చెవి లోపల కాక్లియా అని ఒక భాగం ఉంటుంది, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది, మనం శబ్దం వినేదే దాంతో. ఆసుపత్రి గోడ మీద చెవి పటం ఉంటుంది. అది అమ్మ కంట పడకూడదని కొడుకు పడే టెన్షన్ చూడాలి, నిజానికి ఈ పుస్తకం మొత్తంలో నన్ను అన్నిటికన్నా వణికించింది ఆ పటమే. రక్తం లేదు, దయ్యం లేదు, ప్రతి ఈఎన్‌టీ క్లినిక్కులో వేలాడే మామూలు పటం. మన కర్నూలు పెద్దాసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో ఎన్ని క్లినిక్కుల్లో ఉంటుందో ఆ బొమ్మ. భయానికి ఏదో లోకం నుంచి ఏదో తేవక్కర్లేదు, నీ తల లోపల ఉన్నదే చాలు అని చూపించిన రచయిత నాకు ఇంకొకరు గుర్తురావడం లేదు.

ఈ ఆలోచన ఎలా పుట్టిందో కూడా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మొదట ఆయన గీద్దామనుకున్నది చుట్ట గురించి కాదట. గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండే పొడుగాటి ఇళ్ళుంటాయి జపాన్‌లో, అలాంటిది అంతూ పొంతూ లేనంత పొడుగ్గా ఉంటే అందులో జనం ఎలా బతుకుతారు అన్నది మొదటి ఊహ. అంత పొడుగు ఇల్లు ఊళ్ళో పట్టాలంటే చుట్టలా తిప్పాలి కదా అనుకున్నాడు, అక్కడ దొరికింది అసలు కథ. ఇంకోటి, జపాన్ హాస్యం కామిక్స్‌లో బుగ్గల మీద చిన్న చుట్ట గీస్తే అది ముద్దుగా, సరదాగా ఉండడానికి గుర్తు. అందరికీ నవ్వు తెప్పించే గుర్తుని భయానికి వాడితే ఎలా ఉంటుంది అని చూశాడు. మన పాతబస్తీలో గోడలు కలిసిపోయిన ఇళ్ళ వరసల్లో నడిచినవాళ్ళకి పుస్తకం చివరి భాగంలో వచ్చే ఆ పొడుగు ఇళ్ళు ఇంకో రకంగా తగులుతాయి, ఊపిరాడదు.

కథ 1998, 1999లలో 'బిగ్ కామిక్ స్పిరిట్స్' అనే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. వారపత్రిక సీరియల్ అంటే మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి అధ్యాయం చివర ఒక దెబ్బ కొట్టి వదలాలి, వచ్చేవారం కొనిపించాలి. ఆ బలమూ ఉంది, ఆ బలహీనతా ఉంది ఇందులో. మొత్తం 19 అధ్యాయాలు, చివర ఒక అదనపు అధ్యాయం. మొదటి సగంలో వారానికో వింత, కథ ముందుకి పోదు. ఒక అమ్మాయి నుదుటి మచ్చ, ఒక ప్రేమ జంట, ఒక దీపస్తంభం, ఇలా విడివిడి కథల్లా ఉంటాయి. వాటిలో రెండు మూడు నాకు పేలవంగా అనిపించాయి, ముఖ్యంగా బొమ్మల పెట్టెలోంచి ఎగిరే కుర్రాడి అధ్యాయం లేకపోయినా నష్టం లేదు. కిరియే పాత్ర మీద కూడా నాకు అసంతృప్తి ఉంది. ఇన్ని చావులు కళ్ళ ముందు చూసి మర్నాడు మామూలుగా స్కూలుకి పోతుంది, షుయిచి ఊరొదిలి పోదాం రా అని నెత్తీ నోరూ కొట్టుకుంటాడు, ఈమె కదలదు. సంభాషణలు కూడా చప్పగా ఉంటాయి. ఇటో బలం మనుషుల మనసులు గీయడంలో కాదు, ఆ విషయం ఒప్పుకుని చదవాలి. రెండో సగం తుపానుల దగ్గర నుంచి మాత్రం అన్నీ ఒక్కచోటికి చేరి ఊరు ఊరంతా కదులుతుంది, అక్కడి నుంచి నేను ఆపలేకపోయాను.

బొమ్మల భయం విషయంలో మనవాళ్ళని తలచుకోకుండా ఉండలేను. చందమామలో శంకర్ గీసిన ఆ భేతాళ కథల బొమ్మ, శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడు, అది చూడని తెలుగు ఇల్లు ఉందా ఒకప్పుడు? ఆ చందమామని 1947లో మొదలుపెట్టిన ఇద్దరిలో బి. నాగిరెడ్డి మన కడప జిల్లా మనిషే. ఆ బొమ్మలో చెట్లు, పుర్రెలు, పాములు అన్నీ ఉంటాయి కానీ చూస్తే పిల్లలకి కథ వినాలనిపిస్తుంది, పారిపోవాలనిపించదు. శంకర్ భయాన్ని గుమ్మం బయట నిలబెట్టాడు. ఇటో లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. రెండూ గొప్ప చేతులే. తెలుగులో రెండో రకం బొమ్మ గీసేవాళ్ళకి చోటిచ్చే పత్రిక ఒక్కటన్నా ఉంటే బాగుండేదని ఈ పుస్తకం తిరగేసిన ప్రతిసారీ మనసు పీకుతుంది. గీయగలిగిన పిల్లలు లేక కాదు.

పుస్తకం కొనేవాళ్ళకి పనికొచ్చే సంగతులు కొన్ని. ఇది కుడి నుంచి ఎడమకి చదవాలి, అంటే మన పుస్తకాలకి వెనక అట్ట అనుకునే చోటు నుంచి మొదలుపెట్టాలి, పేజీలో బొమ్మలు కూడా కుడి పక్క పైనుంచి ఎడమకి. మొదటి అధ్యాయం అయ్యేలోపు అలవాటవుతుంది. నెట్లో ఫోన్ మీద చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి అలా చదవకండి. ఇటో పని మొత్తం పేజీ తిప్పడం మీద ఆధారపడి ఉంటుంది. చిన్న చిన్న గడుల్లో మెల్లగా నడిపించి, తలుపు మీద చెయ్యి వేయించి, అక్కడ పేజీ ఆపేస్తాడు. తలుపు వెనక ఏముందో మీరు కాగితం తిప్పాలి, తిప్పగానే పేజీ నిండా ఒకే బొమ్మ. ఆ తిప్పేది మీ చెయ్యే, అదే దెబ్బ. ఫోన్లో వేలితో పైకి తోస్తూ పోతే ఆ బొమ్మ కింద నుంచి సగం ముందే కనబడిపోతుంది, అదీ అరచేతంత. ఆ సన్నగీతలన్నీ కలిసిపోయి మసి పూసినట్టు అవుతాయి. మొదటి అధ్యాయం చివర ఒక చెక్క తొట్టి బొమ్మ ఉంది. దాన్ని కాగితం మీద చూసినవాళ్ళకీ ఫోన్లో చూసినవాళ్ళకీ అసలు పోలికే లేదు.

కాగితం మందంగా ఉంది, నలుపు బాగా నల్లగా అచ్చయింది, వెనక పేజీ బొమ్మ ఇటు కనబడదు. మొదట్లో కొన్ని పేజీలు రంగుల్లో ఉన్నాయి. కుట్టు గట్టిదే, ఇప్పటికి చాలా చేతులు మారినా ఒక్క కాగితం ఊడలేదు. బరువు మాత్రం ఎక్కువ, పడుకుని గుండెల మీద పెట్టుకుని చదివేది కాదు, బల్ల కావాలి. పుస్తకం మడత దగ్గరికి వచ్చే గీతలు కొన్ని లోపలికి పోతాయి, అదొక లోటు. కర్నూల్లో నేను తిరిగిన షాపుల్లో ఎక్కువ కాంపిటీటివ్ పరీక్షల గైడ్లే, ఇలాంటివి అడిగితే తెప్పిస్తామంటారు, తెప్పించరు, చివరికి ఆన్‌లైన్లోనే తెప్పించుకున్నా. వచ్చిన కాపీకి అట్ట మూల నలిగి ఉంది, పలచటి కవర్లో వేసి పంపారు ఇంత బరువు పుస్తకాన్ని. మార్చమంటే మార్చారు, దానికి వంక లేదు, కానీ రెండోసారి కూడా అదే కవరు. ఆర్డర్ పెట్టేవాళ్ళు పార్సిల్ విప్పేటప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోండి. చవగ్గా దొరికే నకిలీ ప్రింట్లు కూడా తిరుగుతున్నాయి, వాటిలో సన్నగీతలు ముద్దగా ఉంటాయి. ఈ మనిషి విషయంలో గీత ముద్దయితే ఇక కొన్నదానికి అర్థమే లేదు.

ఇంట్లో పద్నాలుగు, పదిహేనేళ్ళ లోపు పిల్లలుంటే అందకుండా పెట్టండి. ఆసుపత్రిలో గర్భిణులూ దోమలూ ఉన్న రెండు అధ్యాయాలు ఉన్నాయి, ఇంట్లో కడుపుతో ఉన్న అక్కో వదినో ఉంటే వాళ్ళకి అసలు ఈ పుస్తకం ఇవ్వొద్దు. ఇది గట్టిగానే చెప్తున్నా.

దీని మీద 2000లో జపాన్‌లో సినిమా వచ్చింది, 2024లో నలుపు తెలుపుల్లో నాలుగు భాగాల యానిమేషన్ కూడా వచ్చింది. యానిమేషన్ మొదటి భాగం ఇటో గీతని కదిలించి చూపించినట్టే ఉంటుంది, రెండో భాగం నుంచి ఆ శ్రద్ధ లేదు, ముఖాలు గీసినవాళ్ళు మారిపోయినట్టు తెలిసిపోతుంది. పుస్తకం చదివాక మొదటి భాగం ఒక్కటి చూడండి చాలు.

ఇటోకి బయటి దేశాల్లో పెద్ద గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు 2019లో ఆయన గీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'కి, 2021లో 'రెమినా'కి వచ్చింది. ఆ 2021లోనే ఉత్తమ రచయిత-చిత్రకారుడి అవార్డు కూడా ఆయనకే. అంటే మొదటి కథ అచ్చయిన ముప్పై ఏళ్ళు దాటాక. ఈ మధ్యలో తన పెంపుడు పిల్లుల మీద ఒక నవ్వుల పుస్తకం కూడా గీశాడు, అదే భయం గీతలతో, భార్య ముఖాన్ని కూడా దయ్యంలా గీసి. చేతికి ఒకే గీత అలవాటైనా దాంతో నవ్వించవచ్చని కూడా తెలుసు ఆయనకి.

'ఉజుమాకి' నచ్చితే తర్వాత 'తోమియే' మొత్తం కథలున్న పెద్ద ఎడిషన్ కొనండి, 2016లో వచ్చింది, ఇదే సంస్థ, 700 పేజీలు దాటుతుంది. చంపి ముక్కలు చేసినా మర్నాడు క్లాసులో వచ్చి కూర్చునే అమ్మాయి కథ. బల్లి తోక తెగినా మళ్ళీ పెరుగుతుంది కదా, ఆ ఊహకి చిన్నప్పుడు తోటి విద్యార్థి చనిపోతే నిన్నటిదాకా ఉన్నవాడు ఇవాళ లేడన్న ఆ వింత భావన తోడై ఆ కథ పుట్టిందని ఆయనే చెప్పాడు. బొమ్మలు నేర్చుకునే పిల్లలకి మాత్రం 'ఉజుమాకి' కన్నా ముందు అదే కొనిపెట్టండి. అందులో మొదటి కథ ల్యాబు ఉద్యోగం చేస్తూ గీసింది, గీతలు బిరుసుగా ఉంటాయి, ముఖాల కొలతలు అక్కడక్కడా తప్పుతాయి, చేతివేళ్ళు సరిగ్గా రావు. చివరి కథలకి వచ్చేసరికి అదే అమ్మాయి, అదే కంటి కింద పుట్టుమచ్చ, కానీ చూపు తిప్పుకోలేని అందం. పదేళ్ళకి పైగా ఒక చెయ్యి ఎలా మారిందో ఒకే అట్ట మధ్య పేజీ పేజీకీ కనబడుతుంది. మొదటి కథనీ ఆఖరి కథనీ పక్కపక్కన పెట్టి చూపించి, ఆ తర్వాత పిల్లాడి చేతికి పెన్ను ఇవ్వండి.